క్లచ్ లేని అంబాసిడర్

విజయవాడ ఆటోనగర్‌లో గేరుబాక్సులు బాగుచేసే మేస్త్రీలు వందమంది దాకా ఉంటారు. చేసిన పని గురించి చెప్పుకోవడంలో మాత్రం సొలొమోను ఒక్కడే ఆ వందమంది పెట్టు. పొద్దున పదకొండింటికి అతను తెరేసమ్మ టీ కొట్టు ముందు బల్ల మీద కూర్చున్నాడంటే చుట్టుపక్కల షెడ్లలో సుత్తుల మోత దానంతటదే తగ్గిపోతుంది. చేతికంటిన గ్రీసు గుడ్డకి తుడుచుకుంటూ ఒక్కొక్కరే వచ్చి చేరతారు. నమ్మడానికి కాదు లెండి, వినడానికి.

రెండువేల సంవత్సరం ఎండాకాలంలో, సరిగ్గా ఆ పదకొండింటికే, పామర్రు నుంచి ఒక తెల్ల అంబాసిడర్ వచ్చి కొట్టు ముందు ఆగింది. వెనక సీట్లోంచి వెంకటకృష్ణారావు గారు దిగారు. యాభై దాటిన రైతు, తెల్ల పంచె, చేతిలో కర్ర. దిగడానికి కొంచెం ఎక్కువసేపే పట్టింది. డ్రైవరు జక్కయ్య సాయం పట్టబోతే కళ్లతోనే వద్దన్నారు.

ఆయన వచ్చిన పని ముందే చెప్పుకోవాలి. మూడేళ్ల కిందట కుప్పనూర్పిళ్లప్పుడు నూర్పిడి మిషన్‌లో పడి రావుగారి ఎడంకాలు మోకాలి కింద నుంచి పోయింది. జైపూర్ కాలు పెట్టించుకున్నారు. నడక వచ్చింది, పొలం గట్ల మీద తిరగడం వచ్చింది, మెట్లెక్కడం కూడా వచ్చింది. రానిది ఒక్కటే. ఆ రబ్బరు పాదానికి క్లచ్ ఎంత నొక్కిందో, ఎప్పుడు వదిలిందో తెలియదు. ఒకసారి పట్టుదలకి పోయి తోలితే కారు గంతేసి పంటకాలవలో దిగబడింది. పక్క సీట్లో ఉన్న రామతులసి గారు నడుంలోతు నీళ్లలోంచి గట్టెక్కి, చీర పిండుకుని, భర్తని ఒక్క మాట కూడా అనలేదు. అనకపోవడమే ఆయనకి ఎక్కువ తగిలింది. ఇరవై రెండో ఏట నుంచి పామర్రు బెజవాడ రోడ్డు మీద తన కారు తానే తోలుకున్న మనిషి, ఆ రోజు నుంచి సొంత కారు వెనక సీట్లో ధాన్యం బస్తాలాగా కూర్చుని తిరుగుతున్నారు.

పది రోజుల కిందట గుడివాడలో ఒక పెళ్లిభోజనాల దగ్గర ఎవరో అన్నారు. ఆటోనగర్‌లో సొలొమోను అని ఒక మేస్త్రి ఉన్నాడు, పాత అంబాసిడర్‌కి ఆటోమేటిక్ గేరుబాక్సు చేసి పెట్టాడు, దానికి క్లచ్చే లేదు, ఎడంకాలితో పనే లేదు అని. ఆ మాట అక్కడిదాకా ఎవరి నోటి నుంచి బయల్దేరి వచ్చిందో మనం ఊహించుకోవచ్చు. రావుగారు ఊహించలేదు. ఆయనకి ఆ రోజు నుంచి అన్నం సహించలేదు. ఇంట్లో కూడా చెప్పకుండా, బెజవాడలో ఎరువుల పని ఉందని బయల్దేరి వచ్చారు.

"సొలొమోను మేస్త్రి అంటే..."

"నేనేనండీ. రండి, కూర్చోండి. తెరేసక్కా, అయ్యగారికి స్ట్రాంగ్‌గా ఒక టీ."

రావుగారు బల్ల చివర కూర్చుని పంచె సర్దుకున్నారు. "పామర్రు నుంచి వచ్చాను. మీరేదో ఆటోమేటిక్ అంబాసిడర్ చేశారని విన్నాను. క్లచ్ లేకుండా."

బల్ల మీద వాళ్లు ఒకళ్ల మొహాలు ఒకళ్లు చూసుకున్నారు. పక్క షెడ్డులో లేతు మిషన్ నడిపే లాల్ అహ్మద్ అప్పుడే లేవబోతున్నవాడు మళ్లీ కూర్చున్నాడు. జక్కయ్య కూడా కారు తాళం వేసి వచ్చి పెయింటర్ల పక్కన చోటు చేసుకున్నాడు.

"చేశా... అంటే ఏదో లెండి, చిన్న పని" అన్నాడు సొలొమోను, సిగ్గుపడుతున్నట్టు మెడ వెనక గోక్కుంటూ. "చెప్పుకునేంతది కాదు."

"చెప్పకపోతే చచ్చిపోతాడు" అంది తెరేసమ్మ టీ వడకడుతూ.

"అడిగారు కాబట్టి చెప్తన్నా. తొంభై నాలుగు, తొంభై అయిదు మాటండీ. మీకు గుర్తుండే ఉంటది, అప్పుడు ఎక్కడ చూసినా రొయ్యలే. వరిచేలన్నీ చెరువులైపోయినయ్. బందరు అవతల ఒక ఆసామికి రెండొందల ఎకరాల చెరువులు, పేరు చెప్పకూడదు, పెద్దమనిషి. ఆయన రొయ్యపిల్లల్ని సూర్యలంక దగ్గర హేచరీ నుంచి తెచ్చుకునేవాడు. ప్లాస్టిక్ సంచుల్లో నీళ్లు పోసి, పిల్లల్ని వదిలి, గాలి పట్టించి మూతి కట్టేస్తారు. దారిలో ఆలస్యమైతే చస్తయ్, కుదుపు తగిలినా చస్తయ్. సగం పిల్లలు చచ్చే చేరుతున్నయ్. ఆయన నా షెడ్డుకొచ్చి ‘మేస్త్రీ, కుదుపు లేకుండా పరిగెత్తే బండి కావాలి, నువ్వు తప్ప ఇంకొకడి వల్ల కాదు’ అన్నాడు. నేను ఆలోచించా. కుదుపు ఎక్కడొస్తది? గేరు మార్చేకాడ వస్తది. మరి గేరు మార్చే పనే లేకపోతే?"

రావుగారు తెలియకుండానే తలూపారు. ఇంతవరకు ఒక్క మాట కూడా కాదనడానికి లేదు. రొయ్యల వెర్రి ఆయన కళ్లారా చూసిందే, గేరు మార్చే దగ్గర కుదుపు కూడా నిజమే.

"గేరు సంగతి తర్వాత. ముందు పరిగెత్తాలి కదండీ. ఇంజను కూడా మనిషి లాంటిదే, ఎంత గాలి పీలిస్తే అంత బలం. మామూలు ఇంజను తనంతట తను పీల్చుకుంటది. సూపర్‌ఛార్జర్ అని ఒకటుంది, అది గాలిని బలవంతాన గొంతులోకి తోస్తది, పసిపిల్లకి ఉగ్గు పోసినట్టు. అది విదేశాల్లో దొరుకుద్ది. బెజవాడలో ఎక్కడ దొరుకుద్ది? అందుకని నేనేం చేశానో తెలుసా? గుడివాడ పక్కన మూతబడ్డ రైసుమిల్లు ఒకటుంటే, ఊకని బయటికి ఎగరగొట్టే బ్లోయరు ఉంటది చూడండి, అది పీకి తెచ్చా."

"రైసుమిల్లు బ్లోయరా?" అన్నారు రావుగారు.

"దాన్నే. ఇంజను మీద కూర్చోబెట్టి, బెల్టేసి, మూతి కార్బురేటర్‌లోకి తిప్పా. తిప్పి స్టార్ట్ చేశా. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"బెల్టు తెగింది" అన్నాడు లాల్ అహ్మద్.

"బెల్టు తెగడం కాదు లాల్ భాయ్, ఇంజను ఒక్క గుక్క పీల్చింది. ముందు నా తలపాగా పోయింది. తర్వాత గోడ మీద క్యాలెండరు. తర్వాత ఎదురు షెడ్డువాళ్ల కోడిపెట్ట, కొక్కొక్కో అని అరుస్తా గాల్లో వచ్చి గ్రిల్లుకి అతుక్కుపోయింది. తెరేసక్క పొయ్యి మీద మంట అడ్డంగా పడుకుని నా షెడ్డు వైపు చూసింది. ఇంకో గుక్క పీల్చేసరికి ఆటోనగర్ మొత్తంలో గాలి లేదండీ! రెండు నిమిషాలు! జనం ముక్కులు మూసుకుని కాలవగట్టుకి పరిగెత్తారు. నేను ఇంజను ఆపాక, పోయిన గాలంతా ఒక్కసారిగా తిరిగొచ్చి ప్రతి రేకుల షెడ్డూ పొంగి బోర్లించిన బూరెలాగా అయింది."

"నేనెక్కడున్నా అప్పుడు?" అన్నాడు లాల్ అహ్మద్. "నా షెడ్డు నీ పక్కనే కదా."

"నువ్వు వన్ టౌన్‌లో మీ చెల్లెలి పెళ్లికెళ్లావు."

"మా చెల్లెలి పెళ్లి ఎనభై తొమ్మిదిలో అయింది."

"అయితే రెండో చెల్లెలు."

"నాకు ఒక్కతే చెల్లెలు సొలొమోన్ భాయ్."

"అడ్డం రాకు లాల్ భాయ్, పెద్దాయన అంత దూరం నుంచి వచ్చి వింటన్నారు."

అందరూ నవ్వారు. రావుగారు కూడా నవ్వారు గానీ, లోపల ఆయన వేరే పనిలో ఉన్నారు. కళ్లంలో ధాన్యం తూర్పారబట్టిన మనిషి కాబట్టి విన్నదాన్నంతా మనసులోనే గాలికి ఎత్తి చూస్తున్నారు. కోడిపెట్ట ఊక, ఎగిరిపోనీ. గాలి లేకపోవడం ఊక, పోనీ. బ్లోయరు నిజమై ఉండొచ్చు, కాకపోయినా తనకి నష్టం లేదు. తనకి కావలసిన గింజ ఒక్కటే, ఆ గేరుబాక్సు. అది నిలిస్తే చాలు, మిగతావన్నీ ఈయన ఎంత కోసుకుంటే అంత కోసుకోనీ.

"మరి గేరుబాక్సో?" అన్నారు.

చిత్రమేమిటంటే ఆ మాట అడగగానే సొలొమోను గొంతు తగ్గింది. గ్లాసు పక్కన పెట్టి, రెండు అరచేతులూ ఒకదానికొకటి తగలకుండా ఎదురెదురుగా పట్టుకున్నాడు.

"ఇంట్లో టేబుల్ ఫ్యాను వేసి, దానికెదురుగా స్విచ్చి వెయ్యని ఇంకో ఫ్యాను పెట్టండి. ఏమైద్ది? దీని గాలికి అది కూడా తిరుగుద్ది. ఒకదానికొకటి తగిలిందా? తగల్లా. అయినా తిరిగింది. ఇప్పుడు గాలి బదులు నూనె పొయ్యండి. రెంటినీ ఒక డబ్బాలో పెట్టి మూతెయ్యండి. ఒక ఫ్యాను ఇంజనుది, రెండోది చక్రాలది. ఇంజను తిరిగితే నూనెని తోస్తది, నూనె రెండోదాన్ని తోస్తది, బండి కదులుద్ది. బండి ఆగితే ఇంజను ఆగక్కర్లా, నూనె మధ్యలో జారుకుంటా ఉంటది. కలిపే పని లేదు, విడదీసే పని లేదు. ఇంక క్లచ్చెందుకు?"

ముప్పై ఏళ్లు కారు తోలిన రావుగారికి, ఆ కాసేపట్లో, ఎప్పుడూ చూడని ఒక వస్తువు సొలొమోను రెండు చేతుల మధ్య తిరుగుతూ కనిపించింది. ఇది కోత కాదు. ఇంత తేటగా చెప్పినవాడు దాన్ని చూడకుండా చెప్పలేడు.

"అంటే ఎడంకాలితో అసలు పనే ఉండదు" అన్నారు నెమ్మదిగా.

"ఎడంకాలు ఇంటికాడ పెట్టి రావచ్చండీ!"

బల్ల మొత్తం పగలబడి నవ్వింది. జక్కయ్య మాత్రం తల దించుకున్నాడు. రావుగారు అందరికంటే కొంచెం ఆలస్యంగా నవ్వారు.

నవ్వు వినగానే సొలొమోనుకి మళ్లీ ఊపొచ్చింది. "అయితే ఆ ఫ్యానులకి రెక్కలు దేంతో చెయ్యాలి? మామూలు ఇనుమైతే అరిగిపోద్ది. ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్‌లో పాత టర్బైన్ రెక్కలు తుక్కు వేలంలో పెడితే పాడి తెచ్చా. పదిహేనేళ్లు ఆవిరి తాగిన రెక్కలండీ, వాటికి తిరగడం తప్ప ఇంకో పని తెలియదు. ఇంజను ఆపినా అవి ఆగవు. ఎక్కడికైనా దొర్లిపోద్దేమోనని గేరుబాక్సుని మా ఆవిడ మార్త పడుకున్న మంచానికి కట్టేశా. తెల్లారి చూస్తే మంచం పటమట సెంటర్లో ఉంది. మార్తకి మెలకువ కూడా రాలా. కుదుపు ఉంటే కదా!"

"మార్తనడిగితే చెప్పుద్దా?" అంది తెరేసమ్మ.

"నిద్రలో ఉంది కదక్కా, దానికేం తెలుసు?"

"సరే, బండి పరిగెత్తిందా లేదా?" అన్నాడు లాల్ అహ్మద్.

సొలొమోను ఇక కుదురుగా కూర్చోలేకపోయాడు. ముందుకి జరిగి, అంచు మీద కూర్చుని, గాల్లో స్టీరింగ్ పట్టుకున్నాడు.

"సూర్యలంకలో పొద్దున ఆరింటికి లోడు చేశాం. వెనక సీటు పీకేసి నలభై సంచులు, లక్షల పిల్లలు. యాక్సిలేటర్ మీద బొటనవేలు ఆనించానండీ, అంతే. బాపట్ల నాకు కనపడలా. గుంటూరు కూడా కనపడలా, వాసన తగిలింది, మిరపకాయల ఘాటు. తుమ్మొచ్చింది. ‘హా’ అని గుంటూరు యార్డు దగ్గర మొదలెట్టి ‘ఛ్’ అని ప్రకాశం బ్యారేజీ మీద పూర్తి చేశా. బ్యారేజీ డెబ్భై గేట్లూ వరసగా లేచి నిలబడ్డయ్, పెద్దమనిషి వస్తే లేచినట్టు. అక్కడి నుంచి బందరు రోడ్డు. పక్కన కాలవ ఉంది కదండీ, ఆ నీళ్లు కారు ఊపుకి నాతోపాటే పరిగెత్తినయ్. ఆ ఏడు చివరి చేలకి కూడా కాలవ నీళ్లు అందినయ్యా లేదా, మీరే చెప్పండి!"

"అందాయి" అన్నారు రావుగారు, నవ్వాపుకోలేక. నిజంగానే ఆ ఏడు అందాయి.

"అదిగో! ఎవరి వల్ల? ఇంజనీర్లు వాళ్ల గొప్పని రాసుకున్నారు. పోనీ లెండి. ఉయ్యూరు దాటేసరికి చూస్తే కారుకి నీడ లేదు. వెనకబడిపోయింది. మర్నాడు సాయంత్రం రొప్పుకుంటా షెడ్డుకొచ్చింది."

జక్కయ్య నోరు తెరుచుకుని ఉండిపోయాడు. ఈ రోడ్డు మీద అతను పామర్రు నుంచి బెజవాడకి రావడానికి రెండు టీలు తాగుతాడు.

"బందరు అవతల చెరువుగట్టు మీద ఆపా. ఆసామి పరిగెత్తుకొచ్చాడు. సంచి మూతి విప్పాడు. విప్పి గుండెలు బాదుకున్నాడు. ఎందుకో తెలుసా?"

"చచ్చిపోయినయ్" అన్నాడొక పెయింటరు.

"గుడ్లు!"

"ఏంటి?"

"పిల్లల్ని వేసిన సంచుల్లో గుడ్లున్నయ్! నాకూ అర్థం కాలా. చేతి గడియారం చూసుకున్నా. ఆరింటికి బయల్దేరిన మనిషిని, అక్కడ అయిదుంబావు అయింది. అంత స్పీడు మీద పోయేసరికి టైము వెనక్కి తిరిగి, పిల్లలు కాస్తా గుడ్లయిపోయినయ్. మూతి తడుముకుంటే నా మీసం కూడా సగమే ఉంది."

తెరేసమ్మ గబగబా శిలువ గుర్తు వేసుకుంది. లాల్ అహ్మద్ కళ్లు మూసుకుని, "యా అల్లా, ఈ మనిషిని నా పక్క షెడ్డులోనే పెట్టావు" అన్నాడు.

"మరి ఆసామి ఊరుకుంటాడా? నాకు పిల్లలు కావాలంటాడు. నేనన్నా, ‘కంగారు పడకండి, తగ్గిన వయసు మళ్లీ పెంచుతా.’ కారు బందరు కోనేరు సెంటర్‌కి తీసుకెళ్లి ఇరవై స్పీడులో చుట్టూ తిప్పడం మొదలెట్టా. నెమ్మదిగా, మళ్లీ టైము ముందుకి నడిచేదాకా. ఏడో చుట్టుకి గుడ్లు పగిలినయ్. పదకొండో చుట్టుకి మీసాలొచ్చినయ్."

"ఎవరికి, నీకా?"

"రొయ్యలకీ, నాకూ."

ఈసారి నవ్వుతో బల్ల కోళ్లు కదిలాయి. రావుగారి కళ్లలో నీళ్లు తిరిగాయి, నవ్వి నవ్వి. ఇలా నవ్వి ఎన్నాళ్లయిందో ఆయనకే గుర్తు లేదు. ఊక ఆకాశమంత ఎత్తు లేచింది. లేవనీ. ఇంత పిచ్చి కోతలు కోసే మనిషి ఆ రెండు ఫ్యాన్ల దగ్గర మాత్రం గొంతు తగ్గించాడు కదా. అది నిజం. అది నిజమైతే వచ్చే నెల ఈపాటికి తను కాలవ పక్క రోడ్డు మీద ముందు సీట్లో కూర్చుని, కిటికీలో మోచెయ్యి పెట్టుకుని వెళుతూ ఉంటాడు. ఎవరినీ పిలవక్కర్లేదు, ఎవరికోసమూ ఆగక్కర్లేదు.

"అసలు కథ తిరిగొచ్చేటప్పుడండీ" అన్నాడు సొలొమోను. గొంతు మారింది. అందరూ సర్దుకుని కూర్చున్నారు. "సంచులు దించేశాం, కారు తేలికైపోయింది. వద్దన్నా ఆగట్లా. స్పీడు మీటరు ముల్లు రెండు చుట్లు తిరిగి మూడో చుట్టులో ఉంది. మీ ఊరేనండీ, పామర్రు సెంటర్. ఇటు ఇసక లారీ ఆగి ఉంది. అటు కాలవ. మలుపు తిరిగా. ఎదురుగా, రోడ్డు మధ్యలో..."

ఆగాడు. తెరేసమ్మ చేతిలో పాల గిన్నె అలాగే ఉండిపోయింది.

"బడిపిల్లలు. ఒకళ్ల చొక్కా ఒకళ్లు పట్టుకుని వరసగా రోడ్డు దాటుతున్నారు. ముప్పై మంది. చివర ఒక బుడ్డది, చెప్పు జారిపోతే వంగి తీసుకుంటంది. నాకూ దానికీ మధ్య ఇరవై గజాలు. ఒక్క బ్రేకే కొడితే బండి పల్టీ కొట్టుద్ది. కొట్టకపోతే పిల్లలు. ప్రభువా అనుకున్నా. అప్పుడేం చేశానంటే, ఇట్టా..."

సొలొమోను ఒక్కసారిగా వెనక్కి వాలి, కుడికాలు చాపి, ఎడంకాలు నేలకేసి బలంగా తొక్కి, ఎడంచేత్తో గాల్లో గేరు రాడ్డు కిందికి లాగాడు. అతనితోపాటు బల్ల మీద అందరి ఎడంకాళ్లూ లేచి దుమ్ములో ధబ్బున పడ్డాయి. లాల్ అహ్మద్ తొక్కాడు, జక్కయ్య తొక్కాడు, పెయింటర్లిద్దరూ తొక్కారు. పొద్దున లేస్తే బండ్లతో బతికే మనుషులు, కళ్ల ముందు పిల్లలడ్డొస్తే కాళ్లు వాటంతటవే పనిచేశాయి. తొక్కామని కూడా వాళ్లకి తెలియదు.

రావుగారి కాలు కదల్లేదు. మూడేళ్లుగా ఎక్కడికెళ్లినా ఆయన చూపు ముందు మనుషుల పాదాల మీదే పడుతుంది. అందరూ సొలొమోను మొహం చూస్తుంటే ఆయన ఒక్కరే కింద చూస్తున్నారు.

"...గుర్రుమని గేరు పడింది. కారు మోకాళ్ల మీద కూలబడ్డ ఎద్దులాగా ఆగిపోయింది. బుడ్డదానికీ బంపరుకీ మధ్య జానెడు! అది చెప్పు తొడుక్కుని, నా వంక చూసి, టాటా చెప్పి పోయింది."

"అమ్మయ్య" అంది తెరేసమ్మ. అందరూ ఊపిరి వదిలారు.

"మేస్త్రీ" అన్నారు రావుగారు. "ఒక్క మాట."

"అడగండి."

"ఎడంకాలితో ఏం తొక్కారు?"

"ఎప్పుడండీ?"

"ఇప్పుడే. పిల్లలు అడ్డొచ్చినప్పుడు."

సొలొమోను కిందికి చూసుకున్నాడు. అతని ఎడంకాలు ఇంకా నేలకి నొక్కిపెట్టే ఉంది. దాన్ని వదలాలో వద్దో తెలియనట్టు అలాగే చూస్తూ ఉండిపోయాడు. లాల్ అహ్మద్ కూడా తన కాలు చూసుకున్నాడు, తర్వాత సొలొమోను కాలు చూశాడు, తర్వాత తొడ మీద ఫట్‌మని చరిచి, "క్లచ్! క్లచ్ తొక్కాడ్రా!" అని అరిచాడు. బల్ల మీద నవ్వులు, ఈలలు. గుడ్లని పిల్లలు చేసిన మేస్త్రి, టైముని వెనక్కి తిప్పిన మేస్త్రి, లేని క్లచ్ దగ్గర దొరికిపోయాడు.

రావుగారు నవ్వలేదు. ఆయన దొరకబుచ్చుకోవడానికి అడగలేదు. ముందుకి వంగి, ఆశ చంపుకోలేని గొంతుతో మళ్లీ అడిగారు. "అంటే సడన్‌గా ఆపాలంటే మాత్రం ఎడంకాలు కావాలా? అందులో కూడా?"

సొలొమోను నోరు తెరిచాడు. రెండో చెల్లెల్ని పుట్టించిన నోరు, ఏదో ఒకటి పుట్టించే ఉండేది. కానీ అప్పటికే రావుగారు పంచె జానెడు పైకి లాగారు. చెప్పులో గోధుమరంగు రబ్బరు పాదం, దాని పైన పట్టీలు. నవ్వులు ఎక్కడివక్కడ ఆగిపోయాయి.

"ఇంటికాడ పెట్టి రావచ్చన్నా..." అని గొణిగాడు సొలొమోను. మొహం నల్లబడింది.

"ఇంటి దగ్గర కూడా లేదు లెండి" అన్నారు రావుగారు. "మీకు తెలియదుగా. మేస్త్రీ, నాకు మిగతావేమీ అక్కర్లేదు. పిల్లలు గుడ్లయినా, గుడ్లు పిల్లలయినా మంచిదే. ఆ రెండు ఫ్యాన్ల డబ్బా ఉందా, లేదా?"

"లేదండీ."

అంత చిన్న మాట సొలొమోను నోటి నుంచి రావడం బల్ల ఎప్పుడూ వినలేదు.

"చూశానండీ, అది మాత్రం అబద్ధం కాదు. వైజాగ్ పోర్టు తుక్కులో వచ్చిన జపాను కారుది, నా చేతిలోకొచ్చింది. విప్పా. అదెట్టా తిరుగుద్దో అర్థమైన రోజు రాత్రంతా ఏడ్చానండీ, ఎవడు కనిపెట్టాడురా నాయనా అని. అంబాసిడర్‌కి బిగిద్దామని ఆరు నెలలు కూర్చున్నా. మళ్లీ కలపలేకపోయా. ముక్కలన్నీ షెడ్డులో గోతాంలో ఉన్నయ్. బిగించి ఉంటే ఎట్టా ఉండేదో... అది చెప్పుకుంటా ఉంటా."

రావుగారు కర్ర ఊతంగా లేచారు. "టీ బాగుందమ్మా" అన్నారు తెరేసమ్మతో. జక్కయ్య గబగబా వెళ్లి వెనక డోరు తెరిచాడు. ఆయన మొహం వంక చూడటానికి ఎవరికీ ధైర్యం చాలలేదు.

సొలొమోను మాత్రం ఆయన్ని దాటి వెళ్లి, కారు ముందు డోరు తెరిచి, మోకాళ్ల మీద కూర్చుని, పెడల్స్ కిందికి తల దూర్చాడు. చాలాసేపు బయటికి రాలేదు. వచ్చి, దుమ్ము దులుపుకోకుండానే, "మీ ఎడంచెయ్యి ఇట్టా ఇవ్వండి" అన్నాడు. రావుగారు ఇచ్చారు. "నా వేళ్లు నొక్కండి. గట్టిగా. ఇంకా."

నొక్కారు. నాగలి పట్టిన చెయ్యి అది.

"స్కూటరుకి చేతి క్లచ్ ఉంటది చూడండి, అట్టాంటిది గేరు రాడ్డు మీదే పెడతా. ఏ చేత్తో గేరు మారుస్తారో ఆ చేత్తోనే క్లచ్ పట్టి వదలొచ్చు. ఎంత పట్టారో, ఎంత వదిలారో వేళ్లకి తెలుస్తది. ఆటోమేటిక్ కాదండీ ఇది. మొదట్లో చెయ్యి పీకేస్తది. బెంజి సర్కిల్ దగ్గర ట్రాఫిక్‌లో పడితే ఏడిపిస్తది. యాభై దాటి తోలకండి."

"యాభయ్యా?" అన్నాడు లాల్ అహ్మద్, ఉండబట్టలేక.

"నలభై అయితే ఇంకా మంచిది."

రావుగారు అతని వంకే చూస్తున్నారు. "ముందు ఎవరికైనా పెట్టారా?"

బల్ల మీద వాళ్లంతా మెడలు చాచారు. సొలొమోను ఛాతీ నిండా గాలి పీల్చాడు. ఆ పీల్పు వాళ్లకి బాగా తెలుసు, ప్రతి కథకీ ముందు అదే. వందమందికి పెట్టాననో, ఢిల్లీ నుంచి ఆర్డరొచ్చిందనో వస్తుందని చూస్తున్నారు. అతను పీల్చిన గాలిని అలాగే వదిలేశాడు.

"ఒకాయనకండీ. తెనాలిలో. కేబులు రెండుసార్లు తెగింది. మూడోసారి తెగలా."

గంట నుంచి ఆ బల్ల మీద బ్యారేజీ గేట్లు లేచాయి, కాలవ పరిగెత్తింది, కాలం వెనక్కి తిరిగింది. వాటన్నిటికీ నవ్విన రావుగారికి, తెనాలిలో మూడోసారి తెగని ఆ కేబులు మాట వినగానే నిలువునా ఒళ్లు జలదరించింది.

"జక్కయ్యా" అన్నారు. "కారు షెడ్డులో పెట్టు. మనం బస్సులో పోదాం."